మేకు లేని ఓడ.. మస్కట్ నుంచి చైనా దాకా!

* ఇంజిన్ లేదు.. ఇనుప మేకు లేదు.. కొబ్బరి తాడుతో కుట్టిన చెక్కలే ఆధారం
* 165 రోజుల తయారీ.. ఎనిమిది నెలల సముద్ర ప్రయాణం
* ఆ ఓడ వెనక ఉన్నది పని కోసం గల్ఫ్‌కు వచ్చిన మన దేశపు చేతులే

మస్కట్‌లో ఉండే మనవాళ్ళలో చాలామంది ఆ ఓడను చూసే ఉంటారు. అల్ బుస్తాన్ రౌండబౌట్ మధ్యలో నిలబెట్టిన పెద్ద చెక్క ఓడ అది. పేరు ‘సొహార్’. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళు దాని ముందు ఫొటో దిగి ఇంటికి పంపిస్తారు. కంపెనీ బస్సులో డ్యూటీకి వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి ఓ చూపు చూసి మళ్ళీ కునుకు తీస్తారు. ఊరికి అందం కోసం పెట్టిన బొమ్మ అనుకుని వదిలేసేవాళ్ళూ ఉన్నారు.

అది బొమ్మ కాదు. 1980 నవంబరులో ఒమన్ నుంచి బయలుదేరి, దాదాపు ఆరు వేల మైళ్ళు గాలి మీదే నడిచి, 1981 జూలైలో చైనాలోని క్యాంటన్ (గ్వాంగ్జౌ) రేవుకు చేరిన అసలు ఓడ. ముందుకు తోయడానికి ఇంజిన్ లేదు. పలకలను పట్టి ఉంచడానికి ఒక్క ఇనుప మేకు లేదు. చెక్కలన్నింటినీ కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టారు. ఆ చెక్క మన దేశానిది. ఆ తాడూ మన దేశానిదే. కుట్టిన చేతులు కూడా మన దేశానివే!

ఇంతకీ ఇలాంటి ఓడను మహాసముద్రం మీదికి పంపాలంటే ఎన్ని పనులు చెయ్యాలి? ఏది ముందు, ఏది వెనక? ఒడ్డు మీద ఏ చిన్న పని వదిలేస్తే నడిసముద్రంలో ఏమవుతుంది? సొహార్ కథ చదివితే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది.

కథలో ఓడ.. కళ్ళ ముందుకి

ఈ ఆలోచన టిమ్ సెవెరిన్ అనే రచయితది. పాత కాలపు సముద్ర ప్రయాణాల కథలు నిజంగా జరగడానికి వీలుందా లేదా అని స్వయంగా చేసి చూడటం ఆయనకు అలవాటు. 1976-77లో తోలుతో చేసిన పడవ మీద అట్లాంటిక్ దాటి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆయన కన్ను సిందుబాద్ కథల మీద పడింది. వెయ్యేళ్ళ కిందట అరబ్బు వర్తకులు నిజంగానే తెరచాప ఓడల మీద చైనా దాకా వెళ్ళి వ్యాపారం చేసేవాళ్ళు. సిందుబాద్ కథలకు మూలం అలాంటి నావికుల అనుభవాలే అన్నది ఆయన నమ్మకం. అయితే ఆనాటి ఓడ లాంటిది కట్టి, ఆనాటి దారిలోనే వెళ్ళి చూస్తే సరిపోతుంది కదా అనుకున్నారు.

అనుకోవడం తేలికే. డబ్బెవరు పెడతారు? అప్పటి ఒమన్ పాలకుడు సుల్తాన్ ఖాబూస్ ముందుకొచ్చారు. ఒమన్ పాత నావికుల గొప్పతనం ప్రపంచానికి తెలుస్తుందని ఆ దేశ వారసత్వ, సంస్కృతి శాఖ ఖర్చంతా భరించింది. సిందుబాద్ పుట్టిన ఊరిగా ఒమన్‌వాళ్ళు చెప్పుకునే ‘సొహార్’ పేరునే ఓడకు పెట్టారు. కట్టడానికి సూర్ పట్టణాన్ని ఎంచుకున్నారు. తరతరాలుగా ఓడలు కట్టిన రేవు అది. అక్కడి ఇసుక మీదే సుమారు 87 అడుగుల పొడవైన ఓడ 165 రోజుల్లో లేచి నిలబడింది.

అయితే ఆ 165 రోజుల వెనక అంతకంటే ఎక్కువ కాలం పట్టిన పని ఇంకోటుంది. సరుకు వెతకడం.

చెక్క మలబారుది

ఒమన్‌లో ఖర్జూర చెట్లున్నాయి గానీ ఓడకు పనికొచ్చే కలప లేదు. ఇప్పుడే కాదు, వెయ్యేళ్ళ కిందటా లేదు. అరబ్బు ఓడల కలప ఎప్పుడూ మలబారు తీరం నుంచే వెళ్ళేది. సెవెరిన్ కూడా కేరళ అడవుల దారే పట్టారు. అక్కడివాళ్ళు ‘ఐని’ అని పిలిచే చెట్టును ఎంచుకున్నారు. మన పనస చెట్టుకు దగ్గరి చుట్టం అది. ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి నానినా తొందరగా కుళ్ళదు. మొత్తం 140 టన్నుల కలప ఓడ పనికి తెప్పించారని చెబుతారు.

ఓడ చెక్క ఎంచడం అంటే తలుపు చెక్క ఎంచడం లాంటిది కాదు. తలుపుకైతే తిన్నగా ఉన్న దుంగ కావాలి. ఓడకు తిన్నటివీ కావాలి, వంకర తిరిగినవీ కావాలి. ఓడ అడుగున వెన్నెముకలా ఉండే పెద్ద దుంగ తిన్నగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. పక్కటెముకల్లాంటి కొయ్యలకు మాత్రం పుట్టుకతోనే వంగిన కొమ్మలు వెతకాలి. తిన్నటి చెక్కను వంపుగా కోస్తే దాని నార తెగిపోతుంది, పెద్ద అల తగిలినప్పుడు అక్కడే విరుగుతుంది. చెట్టు తనంతట తాను వంగి పెరిగిన చోట నార కూడా వంపు వెంటే సాగుతుంది. అందుకే అనుభవం ఉన్న వడ్రంగి అడవిలోకి వెళ్ళి నిలబడ్డ చెట్టులోనే ఓడ ముక్కను చూస్తాడంటారు.

చెక్కతో పాటు వడ్రంగులూ వచ్చారు. ఒమన్ పనివాళ్ళతో కలిసి మలబారు వడ్రంగులు బాడిస, ఉలి, బర్మా పట్టుకుని సూర్ ఎండలో పనిచేశారు. ఊరు, ఇల్లు, పిల్లల్ని వదిలి పరాయి గడ్డ మీద పని చేయడమంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తాడే మేకు

ఇక అసలు సంగతి తాడు. ఈ ఓడకు పట్టిన కొబ్బరి తాడు ఎంతో తెలుసా? సుమారు 640 కిలోమీటర్లు! హైదరాబాద్ నుంచి విశాఖ దాకా రోడ్డు పొడవునా పరిచినంత.

కోనసీమవాళ్ళకి కొబ్బరి పీచు కొత్త కాదు. కానీ ఓడకు పనికొచ్చే తాడు వేరు. మిషను మీద తీసిన పీచు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ బలం తక్కువ. పాత పద్ధతి ప్రకారం కొబ్బరి డొక్కల్ని ఉప్పు కలిసిన నీళ్ళలో నెలల తరబడి ఊరబెట్టాలి. తర్వాత బయటికి తీసి కొయ్యతో బాదాలి. పీచు విడదీసి చేత్తో పేనాలి. ఇలా చేసిన తాడుకు సముద్రపు నీరే బలం. ఎండిపోయినప్పటి కంటే తడిగా ఉన్నప్పుడే బాగా నిలుస్తుంది.

ఈ పని తెలిసినవాళ్ళు లక్షద్వీప్‌లో దొరికారు. అగట్టి దీవి నుంచి తాడు కుట్టేవాళ్ళు వచ్చారు. మినికాయ్ దీవికి చెందిన అలీ మణిక్‌ఫాన్ ఈ ఓడ నిర్మాణంలో ముఖ్య పాత్ర పోషించారు. బడి చదువు పెద్దగా లేని మనిషి ఆయన. సముద్రం, చేపలు, నక్షత్రాలు, పడవలు.. అన్నీ సొంతంగా నేర్చుకున్నారు. ఆయన పేరు మీద ఒక చేప జాతికి శాస్త్రవేత్తలు పేరు పెట్టారంటే ఎంతటి మనిషో అర్థం చేసుకోవచ్చు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది.

కుట్టు ఎలా వేస్తారంటే.. రెండు పలకల అంచులు వెంట్రుక దూరకుండా కలిసేలా చెక్కుతారు. అంచుల వెంట జంట జంటగా రంధ్రాలు వేస్తారు. లోపలి వైపు అతుకు మీద కొబ్బరి పీచుతో చేసిన లావాటి దిండు లాంటిది పరుస్తారు. ఒక మనిషి లోపల, ఒక మనిషి బయట నిలబడతారు. తాడు లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి తిరుగుతుంది. ప్రతి చుట్టునూ గడ వేసి మెలితిప్పి, ఇక కదలదన్నంత దాకా లాగుతారు. తర్వాత రంధ్రాల్లో పీచు కూరి మూసేస్తారు. వేల సంఖ్యలో రంధ్రాలు. వాటిలో ఒక్కటి సరిగా మూయకపోయినా నీళ్ళు అక్కడే దారి చేసుకుంటాయి.

ఊరికి పంపే కార్టన్‌కి తాడు కట్టే విద్య మనలో అందరికీ తెలుసు. ఒకడు మోకాలు పెట్టి అదిమితే ఇంకొకడు లాగి ముడి వేస్తాడు. ఎయిర్‌పోర్టులో ఎవరు ఎలా విసిరినా విడిపోకూడదు. ఆ పట్టుదలతోనే 87 అడుగుల ఓడను కట్టారనుకోండి!

మేకులు ఎందుకు వద్దన్నారు?

పాత అరబ్బు కథల్లో సముద్రం మధ్య అయస్కాంత పర్వతం ఒకటి ఉంటుంది. దగ్గరికొచ్చిన ఓడల మేకుల్ని పీకేస్తుంది. అందుకే ఓడల్ని కుట్టేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. అది కథ. అసలు కారణాలు వేరే. ఆ కాలంలో ఇనుము ఖరీదు. పైగా ఉప్పు నీళ్ళలో తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కుట్టిన ఓడ కాస్త వంగుతుంది. అల కొట్టినా, ఇసుకను తాకినా మొండికేసి పగలదు, సర్దుకుంటుంది.

ఈ విద్య మన తీరానికీ తెలుసు. కోరమండల్ తీరంలో ఒకప్పుడు తిరిగిన ‘మసూలా’ పడవలు ఇలా కుట్టినవే. రేవు గోడలు లేని చోట, ఒడ్డును బాదే కెరటాల మధ్య నుంచి ఓడల దగ్గరికి మనుషుల్ని, సరుకుల్ని చేర్చింది ఆ పడవలే.

అయితే అందరూ ఈ ఓడల్ని మెచ్చుకోలేదు. 13వ శతాబ్దం చివర్లో ఇటువైపు వచ్చిన మార్కోపోలో హోర్ముజ్ రేవులో కుట్టిన ఓడల్ని చూసి ఇవేం ఓడలని ఈసడించుకున్నాడు. చాలా మునిగిపోతాయని రాశాడు. అంటే సెవెరిన్ బృందం తేల్చాల్సిన ప్రశ్న అదే. తాడు నిలుస్తుందా, నిలవదా? తప్పు లెక్క వేస్తే పోయేది పరువు మాత్రమే కాదు, పాతిక మంది ప్రాణాలు.

లోపల నూనె.. బయట సున్నం

ఓడ కట్టగానే నీళ్ళలోకి దించెయ్యరు. కొబ్బరి తాడు ఎండితే పెళుసవుతుంది. అందుకని లోపలి కుట్లన్నిటికీ నూనె పట్టిస్తారు. ఒకసారి పూస్తే సరిపోదు, కొన్ని నెలలకోసారి మళ్ళీ మళ్ళీ పట్టించాల్సిందే. అలా చూసుకుంటే కుట్టు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వదిలేస్తే లోపల్లోపలే పొడై రాలిపోతుంది.

బయట ఇంకో శత్రువు. వెచ్చటి సముద్రాల్లో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది. పైకి సూది మొనంత రంధ్రమే కనిపిస్తుంది. లోపల పలకంతా జల్లెడైపోతుంది. దీనికి పాతకాలం మందు సున్నం, జంతువుల కొవ్వు కలిపిన ముద్ద. ఓడ అడుగు భాగమంతా చేతులతో రుద్దుతూ తెల్లగా పూస్తారు. నాచు, నత్తగుల్లలు అంటుకోకుండా కూడా అది కొంత ఆపుతుంది. అడుగున గుల్లలు పేరుకుంటే ఓడ నడక సగానికి పడిపోతుంది. నడక తగ్గితే రోజులు పెరుగుతాయి. రోజులు పెరిగితే నీళ్ళు చాలవు. అందుకే ఓడ తయారీలో ఏ పనీ విడిగా ఉండదు. సున్నం పూతకీ తాగే నీటి పీపాకీ కూడా సంబంధం ఉంటుంది.

గాలి ఇచ్చే తేదీనే ముహూర్తం

మనం ఊరికి వెళ్ళాలంటే లీవు శాంక్షన్ కావాలి, టికెట్ దొరకాలి. తెరచాప ఓడకు లీవు ఇచ్చేది గాలి. అరబ్బీలో ‘మౌసిమ్’ అంటే కాలం, రుతువు. ఇంగ్లీషువాళ్ళ ‘మాన్‌సూన్’ ఆ మాట నుంచి వచ్చిందే.

చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు ఒమన్ నుంచి మలబారు, శ్రీలంక వైపు దిగొచ్చు. వేసవి చివర నైరుతి గాలి మొదలవుతుంది. దాన్ని పట్టుకుంటే బంగాళాఖాతం దిగువన సుమత్రా వైపు, అక్కడి నుంచి చైనా సముద్రం వైపు వెళ్ళొచ్చు. ఆలస్యం చేస్తే చైనా సముద్రంలో తుపాన్ల కాలం ఎదురవుతుంది. తొందరపడితే గాలి లేక నడిసముద్రంలో నిలబడిపోతారు. అందుకే సొహార్ నవంబరులో బయలుదేరేలా పనులన్నీ వెనక నుంచి లెక్కేసుకున్నారు. ఒక్క పని నెల రోజులు ఆలస్యమైనా ప్రయాణం మొత్తం మరుసటి ఏడాదికి వాయిదా పడేది.

దారి తెలుసుకోవడానికి అరబ్బు నావికుల పాత పరికరం ‘కమాల్’ను కూడా పట్టుకెళ్ళారు. చూస్తే నవ్వొస్తుంది. చిన్న చెక్క పలక, దాని మధ్య నుంచి ముడులు వేసిన దారం. అంతే! దారాన్ని పళ్ళతో కరిచి పట్టుకుని, పలక కింది అంచును సముద్రపు అంచుకు, పై అంచును ధ్రువ నక్షత్రానికి సరిపెడతారు. ఏ ముడి దగ్గర సరిపోయిందో చూస్తే, ఎంత ఉత్తరాన ఉన్నామో తెలిసిపోతుంది. మొదటిసారి వెళ్ళే రేవు ముడి ముందే తెలిసుంటే ఆ ముడి వచ్చే దాకా దిగి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే సరి.

నీళ్ళు.. తిండి.. మనుషులు

ఏ సముద్ర ప్రయాణానికైనా మొదటి లెక్క నీళ్ళదే. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకోండి. పాతిక మందికి రోజుకు వంద లీటర్లు. రేవు తగలకుండా అరవై రోజులుండాల్సి వస్తే ఆరు వేల లీటర్లు, అంటే ఆరు టన్నుల బరువు! అదంతా ఒకే పీపాలో పోయరు. విడివిడిగా నింపుతారు. ఒకటి పాడైనా, కారినా మిగతావి మిగలాలి. వాన వస్తే పట్టుకోవడానికి గుడ్డలు సిద్ధంగా ఉంచుకుంటారు.

తిండి సర్దడంలోనూ నావికులకు కొన్ని పద్ధతులున్నాయి. బియ్యం, పప్పులు, ఎండు బఠాణీ, ఖర్జూరం, ఉల్లిపాయలు, నిమ్మకాయలు.. నిలవుండేవే ఎక్కాలి. కోడిగుడ్లకు నూనె రాసి పెడితే వారాల తరబడి నిలుస్తాయి. డబ్బా సరుకుల కాగితాలు చింపేసి పైన పెన్నుతో పేరు రాస్తారు. తడికి కాగితం ఊడిపోతే ఏ డబ్బాలో ఏముందో తెలియదు మరి. అట్టపెట్టెల్ని అసలు ఓడ ఎక్కనివ్వరు. వాటి మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి. క్యాంపు రూముల్లో బొద్దింకల బాధ తెలిసినవాళ్ళకు ఈ జాగ్రత్త విలువ తెలుసు!

తాడు, తెరచాప గుడ్డ, సూదులు, చెక్క ముక్కలు, మేస్త్రీ సామాన్లు.. ఇవి తిండితో సమానం. సముద్రం మీద షాపులుండవు. మన చేత్తో బాగుచేసుకోలేని వస్తువును నమ్ముకుని ఒడ్డు వదలకూడదన్నది పాత నావికుల నియమం.

చివరి లెక్క మనుషులది. సొహార్ మీద పాతిక మంది ఎక్కారు. వాళ్ళలో ఎనిమిది మంది ఒమన్ నావికులు. మిగతావాళ్ళలో యూరప్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు, ఈతగాళ్ళు ఉన్నారు. భాష వేరు, తిండి వేరు. నెలల తరబడి ఒకే చెక్క మీద పడుకోవాలి, వంతులేసుకుని రాత్రుళ్ళు కాపలా కాయాలి. ఒకే రూములో పది మంది సర్దుకుని బతికే మనకు ఇది కొత్త కాదు. ఎవరు వంట చేస్తారు, ఎవరి నిద్ర ఎప్పుడు, గొడవొస్తే ఎవరు తీర్చాలి.. ఇవి ముందే తేల్చుకోకపోతే ఓడ తుపానులో మునగక్కర్లేదు, మాటల్లోనే మునుగుతుంది.

సముద్రం పెట్టిన పరీక్ష

బయలుదేరాక లక్షద్వీప్, కాలికట్ మీదుగా శ్రీలంక దాకా ప్రయాణం సాగింది. ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. నైరుతి గాలి రావాల్సిన సమయానికి రాలేదు. వారాల తరబడి ఓడ నీళ్ళ మీద తేలుతూ ఉండిపోయింది. నీళ్ళు లెక్క పెట్టుకుని తాగారు. వాన పడితే పట్టుకున్నారు. సొరచేపల్ని పట్టి వండుకున్నారు. ఎలాగో గాలి వచ్చిందనుకుంటే, తెరచాపను మోసే పొడవాటి అడ్డకొయ్య విరిగింది. ఓడకు అది రెక్క విరగడం లాంటిదే.

అయినా ఆగిపోలేదు. కొయ్య, తాడు, గుడ్డ.. ఓడలో ఉన్నవన్నీ చేత్తో బాగుచేసుకోగలిగినవే కదా! ఉన్నవాటితోనే సర్దుబాటు చేసుకుని సుమత్రా దగ్గరి సబాంగ్ రేవు చేరారు. అక్కడి నుంచి సింగపూర్, చైనా సముద్రం, చివరికి క్యాంటన్. ఇన్ని దెబ్బలు తిన్నా ఓడ పలకలు విడిపోలేదు. అగట్టి మనుషులు బిగించిన తాడు అలాగే ఉంది. మార్కోపోలో సందేహానికి ఏడు వందల ఏళ్ళ తర్వాత కొబ్బరి పీచు జవాబు చెప్పింది.

మళ్ళీ అదే విద్య

సొహార్‌తో కథ అయిపోలేదు. తొమ్మిదో శతాబ్దంలో ఇండోనేసియా దగ్గర మునిగిన ఓడ అవశేషాల్ని చూసి ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ అనే మరో కుట్టు ఓడను మస్కట్ దగ్గరే ఖంతబ్ తీరంలో కట్టారు. అందులోనూ కేరళ కుట్టుపనివాళ్ళున్నారు. 2010 ఫిబ్రవరిలో బయలుదేరి కొచ్చి, గాలే, పెనాంగ్ మీదుగా జూలైలో సింగపూర్ చేరింది. దారిలో శ్రీలంకలో ఆగినప్పుడు తెరచాప స్తంభాలు మార్చాల్సి వచ్చింది. అంటే తయారీ ఒడ్డు దాటగానే అయిపోదు, ప్రతి రేవులోనూ మళ్ళీ మొదలవుతుంది.

ఈసారి వంతు మన నేవీది. అజంతా గుహల్లోని ఓడ బొమ్మను చూసి గోవాలో ‘కౌండిన్య’ అనే కుట్టు ఓడను కట్టారు. కేరళకు చెందిన బాబు శంకరన్ ఆధ్వర్యంలో పనివాళ్ళు కుట్టారు. పాత నక్షాలేవీ లేవు కాబట్టి నీళ్ళలో ఎలా నడుస్తుందో మద్రాస్ ఐఐటీలో నమూనాతో పరీక్షించారు. 2025 డిసెంబరు 29న పోర్‌బందర్ నుంచి బయలుదేరి 2026 జనవరి 14న మస్కట్ చేరింది. నలభై అయిదేళ్ళ కిందట మస్కట్ నుంచి మన తీరానికి కుట్టు ఓడ వస్తే, ఇప్పుడు మన తీరం నుంచి మస్కట్‌కు వెళ్ళిందన్నమాట!

మన అమ్మాయిలూ తక్కువేం కాదు

కొత్త కాలపు పడవలకు ఫైబర్ ఒళ్ళు, శాటిలైట్ ఫోను ఉంటాయి. అయినా తయారీ కష్టం తగ్గలేదు. నేవీకి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’ అనే 56 అడుగుల తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళే. విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. వర్తికా జోషి నాయకత్వంలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు.

ఆ ప్రయాణానికి ముందు ఏళ్ళ శిక్షణ ఉంది. 2016లో ‘మ్హాదేయి’ అనే పడవ మీద గోవా నుంచి మారిషస్ దాకా వెళ్ళొచ్చారు. తెరచాప కుట్టడం నుంచి మోటారు విప్పి బిగించడం దాకా అన్నీ నేర్చుకున్నారు. దక్షిణ సముద్రాల్లో తుపాను అలల్ని తట్టుకున్న ఆ పడవకే ఇంటికి దగ్గరపడ్డాక చుక్కాని తిప్పే యంత్రంలో లోపం వచ్చింది. అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని వచ్చారు.

అభిలాష్ టామీ సంగతీ అంతే. 2018లో హిందూ మహాసముద్రపు తుపానులో వెన్నెముక విరిగిన ఈ నేవీ మాజీ అధికారి, 2022లో అబూధాబీ కంపెనీ సాయంతో ‘బయానత్’ అనే పడవ మీద మళ్ళీ అదే గోల్డెన్ గ్లోబ్ పందెంలోకి దిగారు. ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెం అది. గాలిని బట్టి పడవను నడిపే పరికరం దారిలో విరిగితే టాయిలెట్ తలుపు కోసి దానికి ముక్కలు చేసి బిగించారు! 236 రోజుల తర్వాత 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో ఒడ్డు చేరారు.

చూడాలనుకుంటే..

మస్కట్‌లో ఉన్నవాళ్ళు అల్ బుస్తాన్ ప్యాలెస్ దగ్గరి రౌండబౌట్‌లో సొహార్‌ను చూడొచ్చు. సూర్ వైపు పని ఉన్నవాళ్ళు 1951లో అక్కడే కట్టిన ‘ఫతహ్ అల్ ఖైర్’ అనే పాత ఓడను కూడా చూడొచ్చు. అమ్మేసిన ఆ ఓడను యెమెన్ నుంచి వెనక్కి తెచ్చి సూర్‌లో నిలబెట్టుకున్నారు. సింగపూర్‌లోని మనవాళ్ళకు ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ కథ దగ్గరిది. ఒమన్ ఆ ఓడను సింగపూర్‌కు కానుకగా ఇచ్చింది.

పేరు ఒకరిది.. పట్టు అందరిదీ

సొహార్ అనగానే అందరికీ గుర్తొచ్చేది టిమ్ సెవెరిన్ పేరు. అందులో తప్పేం లేదు. ఆలోచన ఆయనది, ప్రాణం పణంగా పెట్టిందీ ఆయనే. 2020లో కన్నుమూసే దాకా ఆ ప్రయాణాన్ని ప్రపంచం ఆయన పేరుతోనే చెప్పుకుంది. కానీ ఓడ లోపలి చీకట్లో కూర్చుని, చెమటలు కారుతుంటే, ఒక్కో చుట్టునూ గడేసి మెలితిప్పిన అగట్టి మనిషి పేరు ఎంతమందికి తెలుసు? అతను ఆ ఓడ మీద చైనా వెళ్ళలేదు. పని అయ్యాక ఇంటిదారి పట్టాడు.

గల్ఫ్‌లో మనం చేసే పనులూ అలాంటివే. మనం సెంట్రింగు కట్టిన టవరు మీద, మనం పైపు వేసిన రోడ్డు కింద మన పేర్లుండవు. అయినా ముడి సరిగా వేయాల్సిందే. ఎందుకంటే దాని మీద ఎక్కి వెళ్ళేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళు మనల్ని చూడకుండానే నమ్ముతారు. తాడు సడలితే ‘ఎవడు కట్టాడు?’ అని అందరూ అడుగుతారు. సడలకపోతే ఎవరూ అడగరు. సొహార్ విషయంలో సముద్రం ఎనిమిది నెలల పాటు లాగి చూసింది. అడగాల్సిన అవసరం రాలేదు.